సున్నా పాయింట్ ఆరు మూడు

ఉదయగిరిలో బస్సు దిగేసరికి
ల్యాప్‌టాప్ సంచి భుజానికి కుంపటిలా ఉంది.
కొండ మీద కోట. కింద మసీదు సందులో
టైలర్ షాపు మేడ మీద
వడ్డీ లేని అప్పుల సంఘం.
ఎండకి బోర్డులో మొదటి మాట వెలిసిపోయి
'లేని అప్పుల సంఘం' మిగిలింది.

నేను కొలవడానికి వచ్చాను.
ఇరవై రెండు సంస్థలు నా పట్టికలో.
సముద్రం అవతల, అద్దాల మేడల్లో
ముదారబా, మురాబహా అని
నున్నటి కాగితాల మీద ఒప్పందాలు రాసుకునేవీ ఉన్నాయి,
ఈ మేడమెట్ల సంఘమూ ఉంది.
తెర మీద అన్నీ ఒకే సైజు చుక్కలు.

ఏం పెట్టారు, ఏం వచ్చింది, అంతే సూత్రం.
అద్దె, జీతం, డిపాజిట్లు ఒకవైపు.
ఇచ్చిన అప్పులు, తిరిగొచ్చిన అప్పులు మరోవైపు.
అందరికంటే బాగా చేసినవాళ్ళని కలుపుతూ
కంప్యూటరు ఒక గీత గీస్తుంది.
గీత మీదున్నవాళ్ళకి ఒకటి.
కిందున్నవాళ్ళకి, ఎంత కిందో అంత తక్కువ.

గుమాస్తా నాయబ్ రసూల్ సాయిబు
మూడు బైండు పుస్తకాలు దుమ్ము దులిపి పెట్టాడు.
పీరాంబీ, గరిటెల పని, పద్దెనిమిది వేలు, బాకీ.
పక్కన పెన్సిలుతో:
మోకాళ్ళు. వానలు. నర్ది కట్టె దొరకలేదు.
చిన పెంచలమ్మ, టిఫిన్ బండి, ఎనిమిది వేలు.
పెన్సిలుతో: అడగొద్దు.
ఎందుకో రాయలేదు.

పైటేల కరెంటు పోయింది.
బ్యాటరీ మీదే లెక్క కట్టాను.
సున్నా పాయింట్ ఆరు మూడు.

"అంటే పాసా?" అన్నాడు.
చెప్పాను. ఇవే అప్పులు, ఇంతే పని,
ఇప్పుడున్నదాంట్లో
నూటికి అరవై మూడు పాళ్ళతో చెయ్యొచ్చు.
గది, డబ్బు, మనిషి, అన్నీ.
"మనిషి కూడానా?"
తన్ను తాను పైనించి కిందికి చూసుకున్నాడు,
ఏ ముప్పై ఏడు పాళ్ళు తీసెయ్యాలా అని.

నేనూ చూశాను.
మెట్ల మీద ముందు దించే ఆ కుంటి కాలా?
బాకీ అడగబోయి, అడక్కుండా
టీ తాగి తిరిగొచ్చే నోరా?
చెవి వెనక ఉన్న పెన్సిలా?

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే
నా గీతని నేనే తిట్టుకుంటూ హాయిగా నిద్రపోయేదాన్ని.

"జైతూన్ ఇంటికి కూడా పోదాం రామ్మా" అన్నాడాయన.

వాకిలంతా కట్టెపొట్టు.
ఆమె ఉలి ఆపలేదు, తలెత్తలేదు.
"పోయిన వేసవిలో అడిగినా. డబ్బుల్లేవు, ఆగమన్నారు.
ఏడు వారాలు ఆగినా.
ఆర్డరు పోద్దని ఫైనాన్సోళ్ళ కాడ తీసుకున్నా.
పదివేలని రాసుకొని
చేతిలో పెట్టింది ఎనిమిదిన్నర.
ఇప్పుడు చెక్కే గరిటెలో
పిడి నాది, గిన్నె వాళ్ళది."

పెంచలమ్మని అడగని ఎనిమిది వేలూ
ఈమెకి అందని ఎనిమిది వేలూ
ఒకటేనేమో.
నోట్ల మీద నంబర్లు నేను చూడలేదు.
రసూల్ సాయిబు మాత్రం
గుమ్మం దగ్గరే నిలబడి
చెప్పులు విప్పడమా వద్దా అని
చాలాసేపు తేల్చుకోలేకపోయాడు.

ఆత్మకూరు మీదుగా పోయే ఆఖరి బస్సు
హారన్ కొడుతోంది.
కిటికీ దగ్గరికొచ్చి ఆయన అడిగాడు:
"నా కాలు సంగతి ఎట్టనన్నా రాసుకో.
ఆ బిడ్డ ఆగిన ఏడు వారాలు యాడ రాశావమ్మా?
పెట్టినదాంట్లోనా, వచ్చినదాంట్లోనా?"

ఒళ్ళో పట్టిక తెరిచాను.
కుడికి జరిపాను. ఇంకా కుడికి.
దుత్తలూరు దాటింది.
బ్యాటరీ నాలుగు శాతం.