నాలుగో టేకు

బతుమి రేవులో వాన
పిలవకుండా వస్తుంది, పొమ్మన్నా పోదు.
అందుకే కథలోనూ వాన పెట్టేశారు.

నార్వే నుంచి వచ్చిన డిటెక్టివ్
(నటుడేలే, సిగరెట్ మానేసి రెండేళ్లయింది,
తెర మీద మాత్రం వదలడు)
క్రేన్ల కింద నిలబడి
తనకి రాని భాషలో చచ్చిపోయిన మనిషి గురించి
తనకి వచ్చిన భాషలో ఆలోచిస్తున్నాడు.

నా పని కంటిన్యూటీ.
మొదటి టేకులో కోటుకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడు,
సిగరెట్ బూడిద ఎంత పొడుగుంది,
శవం అరచేయి పైకా, కిందికా,
అన్నీ రాసుకోవాలి.
హంతకుడెవరో నాకు మొదటిరోజే తెలుసు,
స్క్రిప్టు నలభై రెండో పేజీ.
నాకు కావలసింది గుండీలు.

నిన్న హోటల్ సన్నివేశం తీశారు.
ఖింకాలి ముడి పట్టుకుని కొరికి, రసం పీల్చి,
ముడిని పళ్లెంలో వదిలేస్తాం మేము.
ఎవరెన్ని తిన్నారో ఆ ముడులే చెబుతాయి.
ఆయన ముడులూ తినేశాడు, ఆరు టేకుల్లోనూ.
ఎవరూ నోరు విప్పలేదు.
పరాయివాడు పరాయివాడిలాగే ఉన్నాడు కదా అని.

శవం పేరు నజిబ్రోలా.
మామూలు రోజుల్లో లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది.
"చావడం తేలికే తల్లీ,
వణక్కుండా చావడమే కష్టం" అంది పొద్దున్నే.

మూడో టేకు తర్వాత పెద్ద లైటు ఆరిపోయింది.
లేస్తే పడుకున్న తీరు మారిపోతుందని
ఆవిణ్ణి లేవద్దన్నాను.
పక్కన గొంతుక్కూర్చుని గొడుగు పట్టాను.
ఆవిడ ఆకాశంతో చెబుతున్నట్టు చెప్పింది:

"మా తమ్ముడు ఓతియా ఇక్కడే క్రేన్ నడిపేవాడు.
ఆ పసుపుపచ్చది కాదు, దాని వెనకది.
మార్చిలో నీళ్లలో దొరికాడు.
ఎడమ బూటు లేసుకి రెండు ముడులున్నాయి.
వాడు జన్మలో రెండు ముడులు వెయ్యలేదు,
ఊడిపోయిన లేసులు తొక్కుకుని పడుతుంటే
నేనే తిట్టేదాన్ని.
పోలీసులు ఒక్క ముక్క రాశారు: కాలు జారింది.
బూటు సంగతి చెప్పబోతే
అమ్మా, టీ తాగండి అన్నారు.
టీ బాగానే ఉంది."

కాసేపు వాన చప్పుడు.

"ఈయన చూడు,
ఎవరికీ ఏమీ కాని నాకోసం
విమానమెక్కి వచ్చాడు.
పొద్దుట్నుంచీ మోకాళ్ల మీద కూర్చుని
నా గోళ్లు చూస్తున్నాడు."

గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను.
అలవాటు కొద్దీ పెన్ను కదిలింది.
కాగితం అంచున, బూడిద కొలత పక్కన రాశాను:
ఓతియా. ఎడమ బూటు. రెండు ముడులు.
ఏ సన్నివేశమో రాయాల్సిన గడి
ఖాళీగా ఉండిపోయింది.

లైటు వెలిగింది. నాలుగో టేకు.
డిటెక్టివ్ శవం మీదికి వంగి అడిగాడు,
తన భాషలో, తనలో తాను అనుకుంటున్నట్టు:
"నిన్ను చివరిసారి చూసిందెవరు?"
దుబాసీ వేషం కట్టిన ఎల్గుజా
ఆ మాటని మా జార్జియన్‌లోకి తిప్పాడు.

శవానికి ప్రశ్న అర్థమైంది.
ఛాతీ ఒక్కసారి లేచింది,
దులిపిన దుప్పటిలా,
మళ్లీ దిగింది.

దర్శకుడు మానిటర్‌లో వానని చూస్తున్నాడు.
"భలే" అన్నాడు.
నావైపు తిరిగాడు: తేడా ఏమైనా ఉందా?
తేడాలు పట్టినందుకే నాకు జీతం.
గుండీలు మూడు. బూడిద అరంగుళం. అరచేయి పైకి.
"ఏం లేదు" అన్నాను.

జనవరిలో ప్రసారమైంది.
పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ
మా అమ్మ సగంలోనే హంతకుణ్ణి పట్టేసింది,
పైగా తప్పు మనిషిని.
ముప్పై ఒకటో నిమిషం వచ్చేసరికి
నేను తెర దగ్గరికి జరిగి కూర్చున్నాను.

ఉంది.