లోలకం ఆపిన గంట

అక్టోబరు ఆఖరి శనివారం.
బంగాళాదుంపలు నేలమాళిగలోకి దిగిపోయాయి.
క్యారెట్లు మెడదాకా ఇసుక కప్పుకుని పడుకున్నాయి.
గోడవారగా పేర్చిన బిర్చ్ కట్టెలు
పోయినేటికన్నా ఒక వరస తక్కువ.
ఆ సంగతి నేను చూశాను.
నేను చూడటం వంబోలా చూశాడు.
ఇద్దరం వాకిట్లో బురద గురించి మాట్లాడుకున్నాం.

పొద్దున్నే పక్క పొలం నుంచి ఎండ్లా వచ్చింది
బకెట్ నిండా పుల్లాపిళ్లు మోసుకుని.
"మా చెట్టుకి మతిపోయింది, తీసుకో" అంది.
మా చెట్టుకి మాత్రం ఉందా!
వోరుమాలో ఖాళీ బకెట్ వెనక్కి పంపరు.
ఆమె ఆపిళ్లకి బదులు
నా ఆపిళ్లు పోసి పంపాను.

ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు పంచిన కాళ్లు నావి.
ఏ ఇంటి కుక్క ఏ మలుపులో ఎదురొచ్చేదో
మోకాళ్లకి ఇంకా గుర్తే.
ఆయన స్టేషన్ మాస్టరు.
రోజుకి నాలుగు రైళ్లు, తర్వాత రెండు,
తర్వాత పట్టాలే పీక్కుపోయారు.
ఆ దారిలో ఇప్పుడు రాస్ప్‌బెర్రీ ముళ్లు,
వాన పడ్డ మర్నాడు పుట్టగొడుగులు.
స్టేషన్ మూసిన రోజు
గోడగడియారాన్ని దుప్పట్లో చుట్టి
సైకిలు మీద ఇంటికి తెచ్చాడు.
దొంగతనం అంటుంది ఎండ్లా.
జీతం బాకీ అంటాడు ఈయన.

సాయంత్రం సౌనా కాచాం.
వీపు రుద్దుతుంటే భుజం ఎముక చేతికి తగిలింది,
కోటు తగిలించే కొయ్యలా.
ఆకుల కట్టతో కాస్త మెల్లిగా కొట్టాను.
"ఏంటా కొట్టడం,
పోస్టాఫీసు ముద్ర వేసినట్టు వెయ్యి" అన్నాడు.
వేశాను.

తెల్లవారుజామున నాలుగింటికి మంచం కిర్రుమంది.
ఏటా ఇంతే.
ఈ రాత్రి దేశమంతా
నిద్రలోనే ఒక గంట వెనక్కి నడుస్తుంది.
ఫోన్లు వాటికవే దిద్దుకుంటాయి.
ఈ గడియారం ముళ్లని మాత్రం వెనక్కి తిప్పకూడదట,
కొట్టే గంటల లెక్క చెడుతుందట.
అందుకని లోలకాన్ని రెండు వేళ్లతో పట్టి,
ఉలిక్కిపడే దూడని నిమిరినట్టు ఆపి,
ఎదురుగా కుర్చీ వేసుకుంటాడు,
పోయిన గంట వచ్చి కలిసేదాకా.
"గూడ్సుబండి ఒకటి ఇలాగే ఆగేది మా దగ్గర.
వేళకన్నా ముందు వెళ్లకూడదు కదా.
డ్రైవరుకి టీ ఇచ్చేవాణ్ణి."

ఏటా దుప్పటి లాక్కుని అటు తిరిగేదాన్ని.
ఈసారి ఎందుకో లేచాను.
ఎందుకో ఏంటి, ఆపిళ్లు కుళ్లిపోతున్నాయి.
కత్తీ గిన్నే తెచ్చుకుని పక్కన కూర్చున్నాను.

టిక్కు ఆగిన ఇంట్లో ఎన్ని చప్పుళ్లు!
ఫ్రిజ్ గొణుగుడు.
చూరు కింద తొట్టిలో చుక్క, కాసేపటికి ఇంకో చుక్క.
అటక మీద ఎవరో చలికాలానికి సామాను సర్దుకుంటున్నారు,
ఎలుకే అయ్యుంటుంది.
ఆత్మలు ఇళ్లు చూసుకోవడానికొచ్చే రోజులు,
గట్టిగా మాట్లాడకూడదనేది అమ్మమ్మ.

తొక్క తెగకుండా మూడో ఆపిల్ చెక్కుతున్నాను.
"ఒక వరస తక్కువైంది" అన్నాడు,
గడియారంతో అన్నట్టు.
"గొడ్డలి ఎత్తితే కుడిచెయ్యి నాది కాదనిపిస్తోంది."

తొక్క తెగింది.

"సెప్టెంబరులో కొన్ని నేనే కాల్చేశాను," అన్నాను,
"చలేసి."
సెప్టెంబరంతా ఎండే.
కొంగలు కూడా వెళ్లాలా వద్దా అని
పొలంలో పది రోజులు తచ్చాడాయి.
"అలాగా" అన్నాడు.
గిన్నెలోంచి ఒక ముక్క తీసుకుని నమిలాడు.
పులుపుకి ఒక కన్ను మూసుకుంది.

లేచి, చేతి గడియారం చూసి, లోలకాన్ని వదిలాడు.
ఒక్క క్షణం తడబడింది అది,
తర్వాత నడక అందుకుంది.
ఇద్దరం కాసేపు వింటూ నిలబడ్డాం,
ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టే.

"రేపు ఎండ్లా అల్లుణ్ణి పిలుద్దాం," అన్నాను,
"కట్టెలకి."
"రేపు కాదు," దిద్దాడు స్టేషన్ మాస్టరు,
"నాలుగు దాటింది. ఈ రోజే."