ఎక్కడికి?

పొద్దున్న అయిదుంపావుకి డిపోలో బండి కదిలితే
మధ్యాహ్నం రెండయ్యేలోగా
ఆ ఒక్క మాట ఎన్ని వందలసార్లు అంటానో
నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
ఎక్కడికి?
సింధియా.
ఎక్కడికి?
పూర్ణా మార్కెట్టు, రెండు.
ఎక్కడికమ్మా?
జగదాంబ, చిల్లర లేదు.
నిద్రలో తూగేవాడూ చెప్తాడు,
తాగొచ్చినవాడూ చెప్తాడు.
అడిగితే జవాబు రావడం
ఇంత మామూలు సంగతనుకుని బతికాను,
మురారికి నాలుగేళ్లొచ్చేదాకా.

'నీ పేరేటి?' అంటే
'పేరేటి' అంటాడు.
'అన్నం తింటావా?' అంటే 'తింటావా.'
బావిలోకి పిలిచినట్టు
నా మాట నాకే తిరిగొచ్చేది,
కొంచెం తడిసి.

మహారాణిపేటలో, మేడమీద గదిలో
రెహానా మేడం నా ఫోన్లో ఒక యాప్ వేసింది.
రోజుకి పది నిమిషాలు,
పడుకునే ముందు, తిట్టకుండా, అంది.
తిట్టకుండా అన్నప్పుడు నా కళ్లలోకి చూసింది.

ఆ యాప్‌లో ఒక గొంతుంది.
వార్తలు చదివే ఆవిడకి చెల్లెలై ఉండాలి.
'ఇది ఏమిటి?' అంటుంది.
మా మల్కాపురంలో 'ఏమిటి' అని ఎవరంటారు?
'ఇదేటి' అని పక్కనించి నేను అందిస్తాను, దుబాసీలాగ.
బొమ్మలో మంచు. మంచులో ఎర్రటోపీ పిల్లాడు.
'బాలుడు ఎందుకు వణుకుతున్నాడు?'
మే నెల. ఫ్యాను తిరుగుతున్నా వీపంతా ఉప్పు.
వణుకు సంగతి వాడికేం తెలుసు,
నాకు మాత్రం ఏం తెలుసు?
తప్పు నొక్కితే 'మళ్ళీ ప్రయత్నించు' అంటుంది,
నూరోసారి కూడా అదే గొంతుతో.
ఆ ఓపికంటే నాకు కుళ్లు.
ఒప్పయితే చప్పట్లు, బెలూన్లు.
చప్పట్ల కోసం వాడు అన్నీ నొక్కుతాడు.

ఒక రాత్రి వాడు పడుకున్నాక
టిక్కెట్టు కాయితం వెనక రాసి చూసుకున్నాను,
ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది:
ఎక్కడ, అక్కడ.
ఎప్పుడు, అప్పుడు.
ఎంత, అంత.
ఒక్క అక్షరమే కదరా నాన్నా,
'ఎ' దిగి 'అ' ఎక్కితే చాలు.
ఒక్క స్టాపు దూరం.

మా అత్తకి జ్వరమొచ్చిన రోజు
వాణ్ని డ్యూటీకి తీసుకెళ్లాను.
డ్రైవరు పైడిరాజు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.
నా సీట్లో కూచోబెట్టి, కదలకు, అన్నాను.
'కదలకు' అన్నాడు.
కాన్వెంటు జంక్షన్ దగ్గర, బొగ్గుధూళిలో
ఖాళీ చేపలగంపతో ఒక ముసలమ్మ ఎక్కింది.
నేను వెనకాల చిల్లర గొడవలో ఉన్నాను.
వాడు తలెత్తి,
నా యాసతో, నా విసుగుతో సహా,
'ఎక్కడికి?' అన్నాడు.

'కోటవీధి, నాయనా' అందావిడ.

ముందు వాణ్నెవరూ ఏమీ అడగలేదు.
అడిగింది వాడే. అడిగి, ఆగాడు.
ఆవిడ నోటికేసి చూస్తూ
మాట వచ్చేదాకా ఆగాడు.
తర్వాత ఆ వెనకాయన్ని అడిగాడు.
పూర్ణా మార్కెట్టు వచ్చేసరికి
పదకొండుమంది వాడికి జవాబు చెప్పారు.
నేను ఇద్దరికి చిల్లర తప్పిచ్చాను.

రెహానా మేడం విని పెన్ను ఆపి నవ్వింది.
ఇది ఏ లెవెల్లోనూ లేదే, అంది.
కాయితమ్మీద మాత్రం రాసుకుంది.

నిన్న రాత్రి.
కొత్త లెవెలు, నోటితో చెప్పాలి, ఫోను వింటుంది.
'పిల్లి ఎక్కడ ఉంది?'
బొమ్మలో పిల్లి కుర్చీ మీద దర్జాగా ఉంది.
నాకే చెప్పేయాలనిపించింది, పెదవి కొరుక్కున్నాను.
వాడు తెరకేసి చూడనైనా లేదు.
'మంచం కింద' అన్నాడు.
'మళ్ళీ ప్రయత్నించు.'
'మంచం కింద.'
'మళ్ళీ ప్రయత్నించు.'

వంగి చూశాను.
పక్కింటోళ్ల బూడిదరంగు పిల్లి
నా డ్యూటీ చెప్పుల మధ్య ముడుచుకుని
నన్నొకసారి చూసి కళ్లు మూసుకుంది.

పైన ఫోను ఇంకా అడుగుతూనే ఉంది.