నాలుగో పీరియడ్

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగి
ఉప్పుటేరు పక్కనే నడిస్తే మా మున్సిపల్ బడండి.
గంట నేనే కొడతాను, పదకొండేళ్ళ నించీ.
ఇత్తడికేం తెలుసు,
ఏ గంటకి మాస్టారొస్తారో, ఏ గంటకి రారో.

పెద్దమ్మగారి గదిలో హాజరుపట్టీ.
ఏడో వరస ఎర్రసిరా:
గణితం, ఖాళీ.
సుగుణమణి టీచర్ రిటైరైన జూన్ నించీ అదే పేరు.
ఖాళీగారికి మా బళ్ళో మూడేళ్ళ సర్వీసు.
బదిలీ లేదు, సెలవుచీటీ లేదు,
ఇంక్రిమెంటొకటే తక్కువ.

ఎనిమిదో వరస ఇంకా చిత్రం.
పేరుంది, మనిషి లేదు.
సైన్సావిడ డిప్యుటేషన్ మీద ఏదో ఆఫీసులో
కంప్యూటర్లోకి ఎక్కిస్తన్నారంట,
ఏ బడికి ఎంతమంది టీచర్లు తక్కువో.
పేరుంది గాబట్టి
మాకు తక్కువ లేదు.

మధ్యలో ఓ కుర్రాడొచ్చాడు, నేలపూడి ఇశ్రాయేలు.
ముమ్మిడివరంలో తెల్లారగట్ల బస్సెక్కి
యానాం దాటి, చొక్కా నిండా కిటికీ దుమ్ముతో.
వలంటీరండి, రోజుకూలి లెక్క.
బోర్డు మీద త్రిభుజం గీసి
"ఇది మీ నాన్న తెరచాప" అన్నాడు.
వెనక బెంచీ నూకరత్నం
ఆ యేడు మొదటిసారి చెయ్యెత్తింది.
కూలి నాలుగు నెల్లు రాలేదు.
బస్సు టిక్కెట్టు మాత్రం ఏరోజుకారోజే.
ఒక సోమారం ఆయనా రాలేదు.

ఇప్పుడు మా గేటుకెదురుగా హోర్డింగు మీదున్నాడు.
నీలం కోటు, చేతులు కట్టుకుని,
చుట్టూ ర్యాంకుల అంకెలు.
పిల్లలు ఇంటర్వెల్లో వెళ్ళి
ఆయనకి గుడ్మార్నింగ్ చెప్పొస్తారు.
నేనైతే తిట్టనండీ.
వాళ్ళమ్మకి పీచుమిల్లులో పట్టుకున్న దగ్గు
ఇంకా తగ్గలేదంట.

నాలుగో పీరియడ్‌కి డ్రిల్లు మాస్టారెళ్తారు.
"చప్పుడు చెయ్యకండి" అన్నదే పాఠం.
పాపం, ఆయనకి మోకాళ్ళ నొప్పులు.
కిటికీలోంచి హార్బరుకెళ్ళే బోట్లు కనపడతాయి.
పిల్లలు వాటిని లెక్కెడతారు.
పదిహేడు, ఒక్కోరోజు ఇరవైరెండు.
ఆరోజుకి లెక్కలంటే అవే.

మొన్న నూకరత్నం నా స్టూలు పక్కన నిలబడి
"బాబాయ్, నాలుగో గంట కొట్టకపోతే ఏమవుద్ది?"
"ఐదోది రాదు" అన్నాను.
"మరి మూడోది అయిపోగానే
ఐదోది కొట్టేస్తే?"
"నలభై నిమిషాలు మిగిలిపోతాయి గదే."
"ఎవరికి?"

నేనేం మాట్లాడలేదు.
సుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.
అదే వేళ్ళు మడుస్తా
రోజులో, వారాలో, మూడేళ్ళో
ఏదో గొణుక్కుంటా కూడింది.
కూడి, నా మొహంలోకి చూసింది.

తప్పో రైటో చెప్దారంటే
నాకా లెక్కలు రావండీ.