ఐదు దొరికాయి

నిన్న గుండు, ఇవాళ గుర్రం.
మా ఆడపడుచు పైడమ్మ నవ్వి నవ్వి
చంద్రగిరి బస్సులోనే పొలమారింది.

హెల్మెట్ పెట్టుకుంటే
నెత్తిన చందనం చల్లగా అంటుకుంది.
"గుండైతే బాగా పడతాదిమా,
జుట్టుండేవాళ్లకే తిప్పలు"
అన్నాడు దస్తగిరి, గడ్డం కింద పట్టీ బిగిస్తూ.

కోట దాటాక కొండవాలు.
సీతాఫలం పొదల నడుమ ఎర్రమట్టి బాట.
బాటకి ఎడంగా మూడు గడ్డిమూటలు,
వాటి మీద చేత్తో గీసిన రంగుల సున్నాలు
ఒక్కటీ గుండ్రంగా లేదు.

గుర్రం పేరు చాందినీ.
పీలేరు నుంచి పుంగనూరు దాకా
పదేళ్లు పెళ్లికొడుకుల్ని మోసిందట.
"ఇప్పుడంతా కార్లమీదనే ఊరేగతా ఉండారు.
దీని మేతకి ఈ బాణాలే దిక్కు."
దాని చెవి వెనక
ఎప్పటిదో ఒక చమ్కీ ఇంకా మెరుస్తోంది.

నేను బొబ్బిలిలో జాకెట్లు కుడతాను.
ముప్పై ఏళ్లుగా నా చూపు
జానెడు దూరం దాటి పోలేదు.
దస్తగిరి అంటాడు, బాణం వైపు చూడొద్దు, గురినే చూడు.
నాకేమో చేతిలో ఉన్నదాన్నే చూసే అలవాటు,
సూదినీ, దారాన్నీ, నా వేలినీ.

మొదటిది నేలలో గుచ్చుకుంది.
రెండోది గడ్డిమూట మీంచి పోయి
మేక ఒకటి బెదిరింది.
మూడోది విల్లు దాటనేలేదు, నా ఒళ్లోనే పడింది.
పైడమ్మ ఈల వేసింది.
ఆవిడకి ఈల వచ్చని
ఇరవై రెండేళ్లలో నాకు తెలీదు.

నాలుగు, ఐదు గురించి చెప్పను.

"పరిగెత్తేటప్పుడు దాని నాలుగు కాళ్లూ
నేల వదిలే గడియ ఒకటుంటాదిమా.
అప్పుడు కుదుపుండదు. అప్పుడు వదలాల."
మరి ఇప్పుడో?
"ఇప్పుడు నడకే కదా. నడకలో ఆ గడియ రాదు."

అబద్ధం చెప్పని మనిషి. డబ్బు తీసుకుని కూడా.

నాకు అర్థమైంది.
సూది గుడ్డలో దిగి ఉన్నంతసేపూ ఏదీ కదలదు,
అది పైకి లేచినప్పుడే
పట్టీ ముందుకు జరుగుతుంది.
ఆ లేవడం కాలికి తెలుస్తుంది, కంటికి కాదు.

"నాలుగడుగులు పరిగెత్తించవా?" అన్నాను.
నా వయసు కేసి చూశాడు, నా మోకాళ్ల కేసి చూశాడు,
పగ్గం పట్టుకుని తనూ పరుగందుకున్నాడు.

ఒకటి. పళ్లు టకటకలాడాయి.
రెండు. నడుం తిట్టింది.
మూడు.
నాలుగో అడుగుకి ముందు
కింద ఏమీ లేదు.
కొండా లేదు, గుర్రమూ లేదు,
రేపటికి ఇవ్వాల్సిన పదకొండు జాకెట్లూ లేవు.

వదిలేశాను.

సరిగ్గా అప్పుడే కింద ఊళ్లో పలకలు మోగాయి.
చాందినీ ఠక్కున ఆగింది.
మెడ వంచి, ముందు కాలెత్తి దించి,
ఇటు రెండడుగులు, అటు రెండడుగులు,
ఆడటం మొదలెట్టింది.
నా మీద ఎవరో పెళ్లికొడుకు ఉన్నాడనుకుంది కాబోలు.
దస్తగిరి "వద్దే, వద్దే" అంటూ దాన్ని బతిమాలుతున్నాడు.
పైడమ్మ ఫోన్లో కెమెరా వెతుక్కుంటోంది.
నేను జూలు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

అందుకే
ఆరో బాణం ఎటు పోయిందో చూసినవాళ్లు లేరు.

ముళ్లు గీరుకుంటూ గంటసేపు వెతికాం.
ఐదు దొరికాయి.
గడ్డిమూటల్లో లేదు, పొదల్లో లేదు,
మేకల పిల్లాణ్ణి అడిగితే
ఆకాశం వైపు చూపించి నవ్వాడు.
"పోనీలేమా, ఆకు రాలినాక కనపడతాది."
డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.
దొరికితే ఫోన్ చెయ్యమని నంబరిచ్చాను.
చిన్న పుస్తకంలో రాసుకున్నాడు,
పేరు తెలీక, "గుండు మేడం" అని.

జుట్టు చెవుల దాకా వచ్చింది.
సీతాఫలాల కాలం పోయి ఆకు కూడా రాలే ఉంటుంది.

ఫోన్ రాలేదు.
మోగినప్పుడల్లా
మిషను మీద కాలు ఆపి,
సూది పైన ఉండగానే ఆపి,
అతను కాకూడదని చూస్తాను.