తొడిమ

బ్రాడీపేట నాలుగో లైన్లో మందులషాపు పైన గది.
మూడు కంప్యూటర్లు, ఒక యూపీఎస్.
కరెంటు పోతే అది కుయ్యోమని ఏడ్చేది,
మేం ఏడవాల్సిన పని లేకుండా.

నాగుల్ మీరా కోడు రాసేవాడు, నేను బొమ్మలు.
మా మొదటి ఆట పేరు తొడిమ.
పైనుంచి మిరపకాయలు రాలతాయి,
ఎర్రవి, పచ్చివి, తాలువి.
మౌసుతో తొడిమ తుంచి బస్తాలో వెయ్యాలి.
ఘాటెక్కువైతే తెర తుమ్ముతుంది.

ఆ తుమ్ము మా మేనత్త వజ్రమ్మది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కిలోకింతని తొడిమలు తీసే మనిషి.
మైకు ముందు కూర్చోబెడితే అరగంటైనా రాలేదు,
పోనీలే అని లేవగానే వచ్చింది.

సొంతంగా అమ్ముకోవచ్చు అన్నారెవరో.
సొంతంగా అంటే
ఎవరూ నడవని డొంకలో బస్తా దించి నిలబడ్డం.
నెలకి ఐదు అమ్ముడయ్యాయి,
అందులో ఒకటి మీరా బావమరిది కొన్నాడు.

అప్పుడు పోర్టల్‌కి పంపాం.
పోర్టల్ అంటే వాకిలట, నిఘంటువులో చూశాను.
ఆ వాకిలి మూడు ముక్కల్లో జవాబిచ్చింది:
ఆట బాగుంది.
మా దగ్గర కొనేది నలభై దాటిన ఆడవాళ్ళు, వాళ్ళకి మిరపకాయ తెలీదు.
మణులు పెట్టండి.

మా అత్తకీ నలభై దాటింది. ఆ మాట నేను రాయలేదు.

ఎర్రకాయ కెంపయింది,
పచ్చికాయ మరకతం,
తాలుకాయని కడిగి ముత్యం చేశాను.
తుమ్ము తీసేసి గంట పెట్టాడు మీరా.
ఆ నెల ఆ వాకిట్లో మణుల ఆటలు పదిహేడు.
మాది పద్దెనిమిదోది.

మొదటి అరవై నిమిషాలు ఉచితం.
నూరుమంది దించుకుంటే కొనేది ఒక్కరు.
కాబట్టి మంచిదంతా మొదటి గంటలోనే కుక్కమన్నారు,
యాభైతొమ్మిదో నిమిషంలో
ఒక తలుపు సగం తెరిచి ఆపమన్నారు.
ఆ తలుపు నేనే గీశాను.
దాని వెనక గది గీసే ఓపిక మాత్రం మిగల్లేదు.

వాటా సంగతి మీరా వాళ్ళ నాన్న అడిగాడు,
మిర్చియార్డులో ముప్పయ్యేళ్ళు బస్తాలు మోసిన మస్తాన్.
రూపాయిలో అరవైఐదు పైసలు వాళ్ళవి అన్నాం.
బీడీ ఆర్పేసి, "తరుగు కూడా తీస్తారా?" అన్నాడు.
తీస్తారు. తిరిగొచ్చిన సొమ్ములన్నీ మా లెక్కే.
"దలారి నయం గదరా,
మొహమన్నా కనపడుద్ది, టీ అన్నా తాపుద్ది."

అబద్ధం ఎందుకు, ఒక వారం తొమ్మిదో స్థానంలో ఉన్నాం.
పది పేర్ల పట్టిక అది. పది తర్వాత గోడ.
ఆ వారం బిర్యానీ తెప్పించుకున్నాం,
మీరా పట్టికని కాగితం మీద అచ్చుతీసి బీరువాకి అంటించాడు.
పై వారం గోడ అవతల ఉన్నాం.
అవతల ఎంతమందో లెక్క లేదు.

ఇరవై డాలర్లుండేది ఆట.
ఒక పొద్దున లేచేసరికి ఏడయింది.
పక్క వాకిలి ఏడుకిచ్చింది, ఈ వాకిలీ ఏడుకిచ్చింది,
మమ్మల్నెవరూ అడగలేదు.
యార్డులో ధర పడితే
కనీసం రైతు అక్కడ బస్తా పక్కన ఉంటాడు.
మేం నిద్రలో ఉన్నాం.

తర్వాత అంతా ఉచితమైంది. తర్వాత ఫోన్లొచ్చాయి.
గది ఖాళీ చేసేటప్పుడు బీరువా మీద
ఆ కాగితం ఊడిరాలేదు,
అంచులు చిరిగి మధ్యలో ఉండిపోయింది.

ఒక్క మాట మీరాక్కూడా చెప్పలేదు.
నలభయ్యో మెట్టులో, గంట దాటాక,
కొన్నవాళ్ళకి తప్ప కనపడని చోట,
కెంపుల మధ్య ఒక మిరపకాయ వదిలేశాను.
తొడిమతో సహా.

ఎక్కడో మంచు దేశంలో రాత్రి డ్యూటీ నర్సు ఒకావిడ రాసింది:
నలభైలో ఎర్రగా, వంకరగా ఒకటుంది,
ఎంత నొక్కినా పగలదు, ఏమిటది?

జవాబు మొదలుపెట్టి చెరిపేశాను, నాలుగుసార్లు.
అత్తని అడిగితే
తెరకేసి కళ్ళు చికిలించి చూసింది.
"నొక్కితే ఎట్టా వస్తది, తుంచమను.
అదీ మెల్లిగా. గింజ రాలిందంటే తూకం పోద్ది."

అదే రాసి పంపాను.