తూము బిరడా

ఇరవై ఆరేళ్లుగా ఎవరూ పీకని బిరడా.
దేవదారు కొయ్య, తొడంత లావు,
నీళ్ల కింద ఉబ్బి రాయిలా బిగుసుకుపోయింది.
నడుముకు తాడు కట్టుకుని నేనే దిగాను.
ఈ హరిమా గుట్టల్లో
ముప్పై ఎనిమిదేళ్లవాణ్ణే కుర్రవాణ్ణి.

వరి వేసేవాళ్లున్నన్నాళ్లూ
కోతలయ్యాక ఏటా ఈ కుంటని ఖాళీ చేసేవాళ్లు.
చేపలు పంచుకుని, బురద ఎత్తి మళ్లలో పోసి,
అడుక్కి నాలుగు రోజులు ఎండ తగలనిచ్చి
మళ్లీ వానకి అప్పజెప్పేవాళ్లు.
మళ్లు బీడుపడ్డాక ఆ పనితో ఎవరికీ పనిలేదు.
ముట్టుకోకపోతే నీళ్లు పచ్చగా ఉంటాయనుకున్నాం.
పచ్చగానే ఉన్నాయి, కుళ్లి.

మనిషి తప్పుకుంటే చాలు, అడవి కోలుకుంటుందంటారు.
అడవి సంగతి నాకు తెలీదు.
ఈ కుంట మటుకు మనిషి చెయ్యి మరిగింది.

టనాగో అని ఒక చేప, బొటనవేలంత.
వసంతంలో మగదానికి చెంపలు ఎర్రబడతాయి.
ఆడదాని పొట్ట కింద సన్నటి గొట్టం దారంలా వేలాడుతుంది.
ఆల్చిప్ప ఊపిరి కోసం పెదవులు విప్పినప్పుడు
ఆ సందులో గుడ్లు జారవిడిచి వెళ్లిపోతుంది.
కొన్ని వారాలకి చిప్పలోంచి బయటికొచ్చేది
ముత్యం కాదు, కళ్లున్న పిల్ల.
ఆల్చిప్ప మాత్రం ఊరికే ఉంచుకుంటుందా!
దుమ్ముకణాల్లాంటి తన పిల్లల్ని
అడుగున తిరిగే ఇసుకదొందు మొప్పలకి తగిలిస్తుంది.
చేపపిల్లని చిప్ప మోసి, చిప్పపిల్లని చేప మోసి
ఎన్ని వేల ఏళ్ల వియ్యమో వీళ్లది.

బిరడా కదిలింది.
రెండు రోజులు కుంట గుక్కతిప్పుకోకుండా కారింది.
మూడోనాడు, లోతు చాలక, చేపలు చప్పుడు మొదలెట్టాయి.
బడిపిల్లలు రబ్బరు బూట్లతో దిగి
అరుస్తూ, పడుతూ, లెక్క రాశారు.
బాస్ చేపలు నూట డెబ్భై మూడు.
పిడికిలి పట్టే నోళ్లు. ఒకదాని కడుపులో ఇంకొకటి.
ఇసుకదొందు, ఒక్కటీ లేదు.
టనాగో, ఒక్కటీ లేదు.
ఆల్చిప్పలు ముప్పై ఒకటి, అన్నీ ముసలివే.
చిప్ప మీద గీతలు వేలితో లెక్కపెట్టి
"ఇది మా అక్క కన్నా పెద్దది" అన్నాడు తమోన్.

"మరి వీటినిక్కడ ఎవరు వదిలారు?"
అడిగింది కూడా వాడే.
నేను తాడు ముడి విప్పుకుంటూ ఉండిపోయాను.

పన్నెండేళ్లప్పుడు. పెద్ద ఆనకట్ట దగ్గర్నుంచి సైకిలు మీద.
హ్యాండిలుకి బకెట్టు, అందులో మూడు చేపలు.
గేలానికి పెద్దది తగలాలన్న సరదా, అంతే.
దారిలో నీళ్లు ఒలికిపోతే
చచ్చిపోతాయేమోనని సైకిలు దిగి
కాలవలోంచి దోసిళ్లతో పోశాను.
ఎంత జాలిపడ్డానో వాటి మీద.

గట్టు మీద అన్నం ముద్దలు పంచుతున్న హత్సుయో అవ్వ
నా చేతిలో ఒకటి పెట్టి
"ఆ రోజు నీ బకెట్టు నీలం రంగుది" అంది.
అని, పక్కవాడికి ముద్ద ఇవ్వడానికి వెళ్లిపోయింది.

ఆల్చిప్పల్ని తడిగోనెలో చుట్టి
గుట్ట మీది ఊటకాలవకి మోసుకెళ్లాం.
బాస్ ఎక్కలేని చోటు, అక్కడ దొందులింకా ఉన్నాయి.
అవతలి లోయలో, ఒక బడి తొట్టిలో, పద్నాలుగు టనాగోలున్నాయట.
అవి ఈ కుంట సంతానమో కాదో
పరీక్ష చేసి చెప్తామన్నారు.
కాకపోతే తేవద్దన్నారు.
బతికున్నదల్లా ఇక్కడిది కాదని
నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

కుంట అడుగు నెర్రెలు తీస్తోంది.
పొద్దున ఒక కొంగ వచ్చి
అలవాటు కొద్దీ ఒంటికాలి మీద కాసేపు నిలబడి, ఎగిరిపోయింది.

కొత్త బిరడా చెక్కుతున్నాను.
వచ్చే చలికాలం మళ్లీ పీకాలి కదా,
పిడి కాస్త పొడుగ్గా పెడుతున్నాను,
తమోన్ చేతికి అందేలా.

వాడికి చెప్పాలి.
పిడి చెక్కడం అయ్యాక.